సజ్దా చేస్తే పిండం జారిపోతుందా?
ఐవీఎఫ్ చికిత్సలో పిండాన్ని గర్భాశయంలో ఉంచే ఘడియ గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు

కర్నూలు జిల్లా నుంచి ఒక సోదరి ఇటీవల మాకు లేఖ రాశారు. నికాహ్ జరిగి తొమ్మిదేళ్లు గడిచినా సంతానం కలగలేదు. ఉన్న నగలు అమ్మి, హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఐవీఎఫ్ చికిత్స చేయించుకున్నారు. పిండాన్ని గర్భాశయంలో ఉంచే రోజున నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకొని రమ్మన్నారట. పొత్తికడుపు మీద చల్లని జెల్ పూసి, ఒక పరికరాన్ని అదిమిపట్టి, తెర వైపు చూస్తూ పది నిమిషాలలో పని ముగించారట. బల్ల దిగిన వెంటనే ఆమె మూత్రశాలకు వెళ్లారు. సాయంత్రం అసర్ నమాజు చేశారు. రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో గర్భం నిలవలేదని తేలింది.

"వెంటనే లేచి తిరిగావు, సజ్దాలో వంగావు, అందుకే జారిపోయింది" అన్నారట ఇంట్లోవారు. ఆ మాట ఆ సోదరి మనసులో ముల్లులా దిగబడిపోయింది. లేఖ చివర ఆమె మూడు ప్రశ్నలు అడిగారు. ఆ తెర మీద డాక్టరమ్మ ఏం చూశారు? నా పిండాన్ని సరైన చోటనే ఉంచారా? నేను నమాజు చేయడం వల్లనే అది పోయిందా?

మూడవ ప్రశ్నకు జవాబు ముందే చెబుతాము: కాదు. నమాజు వల్ల పోలేదు. నడక వల్లా పోలేదు. ఎందుకు కాదో అర్థం కావాలంటే మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ఈ ప్రశ్నలు ఆమె ఒక్కరివే కావు గనుక, మా పాఠకులందరి కోసం వివరంగా రాస్తున్నాము.

ఆ పది నిమిషాలలో జరిగేదేమిటి?

ఐవీఎఫ్ చికిత్సలో భార్య అండాశయం నుంచి అండాలను సేకరించి, ప్రయోగశాలలో భర్త శుక్రకణాలతో ఫలదీకరణం జరుపుతారు. ఏర్పడిన పిండాన్ని మూడు రోజులో ఐదు రోజులో అక్కడే పెంచి, తర్వాత భార్య గర్భాశయంలో ఉంచుతారు. కొన్నిసార్లు ఘనీభవింపజేసి దాచి, తర్వాతి నెలల్లో ఉంచుతారు. ఈ చివరి దశనే వైద్యులు ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ అంటారు.

ఈ పద్ధతిలో తొలి శిశువు 1978 జూలై 25న ఇంగ్లాండులోని ఓల్డ్‌హామ్‌లో జన్మించింది. అదే ఏడాది అక్టోబరు 3న మన దేశంలో, కోల్‌కతాలో, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషి ఫలితంగా మరో శిశువు జన్మించింది. ఆనాటి నుంచి నేటి వరకు ప్రయోగశాలలో జరిగే పని ఎంతగానో మారింది. కానీ చివరి దశ చూడటానికి చాలా సాదాసీదాగానే ఉంటుంది. మెత్తని సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. దానిని క్యాథెటర్ అంటారు. అందులో ఒక నీటిచుక్కలో సుమారు సగమంత ద్రవం, ఆ ద్రవంలో పిండం ఉంటాయి. ఆ గొట్టాన్ని గర్భాశయ ముఖద్వారం గుండా లోపలికి పంపి, పిండాన్ని నెమ్మదిగా వదులుతారు. సాధారణంగా మత్తుమందు కూడా అవసరం ఉండదు.

చూడటానికి సాదాసీదాయే గాని, వారాల తరబడి తీసుకున్న ఇంజెక్షన్లు, అండాల సేకరణ, ప్రయోగశాలలోని శ్రమ, ఒక కుటుంబం కూడబెట్టిన సొమ్ము, దంపతుల దుఆలు అన్నీ ఆ కొద్ది నిమిషాల మీద ఆధారపడి ఉంటాయి.

చేతి అంచనా నుంచి కంటి చూపు దాకా

చాలా కాలం వైద్యులు ఈ పనిని చేతి స్పర్శతోనే చేసేవారు. గొట్టం ఎంత దూరం వెళ్లిందో, దేనికైనా తగులుతున్నదో వేళ్లకు తెలిసేదాన్ని బట్టి అంచనా వేసి పిండాన్ని వదిలేవారు. అనుభవజ్ఞుల చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయలేము. అయితే గర్భాశయం అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో ముందుకు వంగి ఉంటుంది, కొందరిలో వెనక్కి వాలి ఉంటుంది. ముఖద్వారం దగ్గర దారి కొందరిలో మలుపు తిరిగి ఉంటుంది. సిజేరియన్ జరిగినవారిలో, గడ్డలు ఉన్నవారిలో ఆ దారి మరింత క్లిష్టం కావచ్చు. ఇటువంటి చోట గొట్టం లోపలే వంగిపోయినా, కొన గర్భాశయం పైకప్పును తాకినా, చేతికి తెలియకపోవచ్చు.

పైకప్పును తాకితే ఏమవుతుంది? గర్భాశయం కండరంతో తయారైన అవయవం. గట్టిగా తాకితే అది ముడుచుకుంటుంది. ఆ కదలికలు పిండాన్ని దాని స్థానం నుంచి తప్పించగలవు. లోపొర గీసుకుపోయి రక్తం కనిపించడం కూడా మంచిది కాదు. కనుక గొట్టం కొన పైకప్పుకు ఒక సెంటీమీటరుకు పైగా దూరంలో, గర్భాశయ కుహరం పైభాగంలోనో మధ్యభాగంలోనో ఉండాలి. చూడకుండా ఆ సెంటీమీటరును కొలవడం కష్టం.

గర్భిణుల పరీక్షకు అల్ట్రాసౌండ్‌ను గ్లాస్గో నగర వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో వైద్యలోకానికి పరిచయం చేశారు. 1980ల మధ్యనాటికి కొందరు వైద్యులు అదే పరికరాన్ని పిండాన్ని ఉంచే వేళ కూడా వాడటం మొదలుపెట్టారు. ఒకరు పొట్ట మీద పరికరం పట్టుకొని తెర మీద గర్భాశయాన్ని చూపిస్తారు. మరొకరు ఆ చిత్రాన్ని చూస్తూ గొట్టాన్ని నడిపిస్తారు. అల్ట్రాసౌండ్‌లో ఉండేవి ధ్వని తరంగాలే. ఎక్స్‌రేలో ఉండే కిరణాలు ఇందులో ఉండవు.

మూత్రం ఆపుకొని రమ్మనడానికి కారణం కూడా ఇదే. నిండిన మూత్రాశయం గుండా ధ్వని తరంగాలు సులువుగా సాగి, దాని వెనుకనున్న గర్భాశయం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అంతేగాక నిండిన మూత్రాశయం ముందుకు వంగిన గర్భాశయాన్ని కొంత వెనక్కి నెట్టి, గొట్టం వెళ్లే దారిని తిన్నగా చేస్తుంది. అయితే భరించలేనంతగా నింపుకోనవసరం లేదు. గర్భాశయం వెనక్కి వాలి ఉన్నవారికి వైద్యులు వేరే సూచన ఇవ్వవచ్చు. ఆనాడు నమాజు వేళ దగ్గరపడుతుంటే, నీళ్లు తాగడం మొదలుపెట్టక ముందే నమాజు ముగించుకోవడం మంచిది. మూత్రం ఆపుకొని నమాజుకు నిలబడటం ఇష్టకరం కాదని మనకు తెలిసినదే.

తెర మీద కనిపించిన మెరుపు ఏమిటి?

"తెల్లగా చుక్కలా మెరిసింది, అదే మీ పిండం అని చూపించారు" అని చాలామంది సోదరీమణులు సంతోషంగా చెబుతారు. నిజానికి పిండం తెర మీద కనిపించదు. ఐదవ రోజు పిండం వెడల్పు మిల్లీమీటరులో పదోవంతు నుంచి ఐదోవంతు వరకే ఉంటుంది. అల్ట్రాసౌండ్‌కు అది అందదు. మెరిసేది పిండంతో పాటు గొట్టంలో ఉన్న చిన్న గాలి బుడగ, దాని చుట్టూ ఉన్న ద్రవం. పిండం వదిలిన చోటును ఆ మెరుపు తెలియజేస్తుంది. వైద్యులకు కావలసిన సమాచారం అదే.

పిండం వదిలిన తర్వాత గొట్టాన్ని తిరిగి ప్రయోగశాలకు ఇస్తారు. అక్కడి నిపుణులు దానిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, పిండం గొట్టానికే అంటుకొని వెనక్కి రాలేదని నిర్ధారిస్తారు. అంటుకొని వచ్చి ఉంటే మళ్లీ లోపల ఉంచుతారు. అందుకే ఆ రెండు మూడు నిమిషాలు కదలకుండా వేచి ఉండమంటారు.

కనుక ఆ సోదరి రెండవ ప్రశ్నకు జవాబు ఆమె ఫైలులోనే దొరకవచ్చు. గొట్టం సులువుగా వెళ్లిందా, కష్టమైందా, కొన పైకప్పుకు ఎంత దూరంలో ఉంది, గొట్టానికి రక్తం అంటిందా, పిండం వెనక్కి వచ్చిందా అన్న వివరాలను మంచి ఆసుపత్రులు రాసిపెడతాయి. వాటిని అడిగి చూడటం రోగి హక్కు. అడిగినంత మాత్రాన వైద్యులను అనుమానించినట్లు కాదు. మరోసారి ప్రయత్నించేటప్పుడు ఆ వివరాలే దారి చూపుతాయి.

దీనివల్ల మేలు ఎంత?

చేతి స్పర్శ పద్ధతినీ, అల్ట్రాసౌండ్ పద్ధతినీ పోల్చుతూ వివిధ దేశాలలో జరిగిన ప్రయోగాలను 2016లో కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి పరిశీలించింది. చేతి స్పర్శతో నూటికి 23 మంది స్త్రీలకు గర్భం కొనసాగే లేదా ప్రసవమయ్యే అవకాశం ఉంటే, అల్ట్రాసౌండ్ సాయంతో ఆ సంఖ్య 28 నుంచి 33 వరకు పెరుగుతుందని ఆ సమీక్ష అంచనా వేసింది. ఆధారాల బలం మధ్యస్థమని కూడా అందులోనే చెప్పారు. 2017లో అమెరికా సంతాన సాఫల్య వైద్యుల సంఘం తన మార్గదర్శకాలలో పొట్ట మీద నుంచి చేసే అల్ట్రాసౌండ్‌ను, మెత్తని గొట్టాన్ని సిఫారసు చేసింది.

ఈ అంకెలను రెండు వైపుల నుంచి చదవాలి. నూటికి అదనంగా ఐదారుగురికో, పదిమందికో మేలు జరగడం చిన్న విషయం కాదు. కొత్త మందు లేదు, శస్త్రచికిత్స లేదు. ఉన్న పరికరాన్ని సరైన సమయంలో వాడటమే. కానీ అదే లెక్క ప్రకారం, అన్నీ కంటితో చూస్తూ సక్రమంగా చేసినా, నూటికి 67 నుంచి 72 మందికి ఆ ప్రయత్నంలో ఫలితం దక్కలేదు. పిండం చేరవలసిన చోటికి చేరిందని మాత్రమే తెర చెప్పగలదు. పిండం లోపలి నిర్మాణం ఎలా ఉందో అది చెప్పలేదు. గర్భం నిలవకపోవడానికి ఎక్కువ సందర్భాలలో కారణం పిండంలోని క్రోమోజోముల తేడాయే. స్త్రీ వయసు పెరిగేకొద్దీ ఆ తేడాలు ఎక్కువవుతాయి. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, ఎవరి చేతిలోనూ లేదు.

జారిపోవడం అసలు సాధ్యమేనా?

గర్భాశయం అనగానే చాలామంది మనసులో ఖాళీ కుండ వంటి రూపం మెదులుతుంది. కుండను వంచితే లోపలిది ఒలికిపోతుందన్న భయం అక్కడి నుంచే పుట్టింది. గర్భం లేనప్పుడు గర్భాశయం లోపల అటువంటి ఖాళీ ఉండదు. ముందు గోడ, వెనుక గోడ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. మెత్తని లోపొరల మధ్య ఆవగింజ కంటే ఎంతో చిన్నదైన పిండం ఒదిగి ఉంటుంది. మనిషి నిలబడినా, వంగినా, మెట్లెక్కినా అది కింద పడిపోదు. మూత్రాశయం వేరు, గర్భాశయం వేరు. మూత్రంతో పాటు పిండం వెళ్లిపోయే దారే లేదు.

పిండం ఉంచిన తర్వాత మంచం మీద పడుకోబెట్టడం వల్ల లాభం ఉంటుందా అని కూడా పరిశోధకులు పరీక్షించారు. లాభం కనిపించలేదు. 2017 నాటి ఆ మార్గదర్శకాలే మంచం విశ్రాంతిని సిఫారసు చేయడం లేదని స్పష్టంగా చెప్పాయి. మన ఇళ్లలో పదిహేను రోజులు కోడలిని కాలు కింద పెట్టనివ్వని అత్తగార్లు ప్రేమతోనే అలా చేస్తారు. ఆ ప్రేమ గౌరవింపదగినదే. కానీ పడక మీదే ఉన్న ఆమె ప్రతి దగ్గుకూ, ప్రతి కదలికకూ భయపడుతూ గడుపుతుంది. ఫలితం రాకపోతే తాను ఎప్పుడు కదిలానా అని వెతుక్కుంటుంది. ఆమెకు కావలసింది మామూలు జీవితం, తేలికైన పనులు, మనశ్శాంతి. బరువులు ఎత్తడం, దాంపత్యం, ప్రయాణం వంటి వాటిలో తన వైద్యురాలి సూచన పాటిస్తే చాలు.

నమాజు సంగతి దీనిని బట్టే స్పష్టమవుతుంది. నిలబడి, రుకూ చేసి, సజ్దా చేసి నమాజును మామూలుగా పూర్తి చేయవచ్చు. అండాల సేకరణ తర్వాత పొట్ట ఉబ్బి నొప్పిగా ఉన్నవారికి వంగడం కష్టమైతే, కూర్చొని చదివే వెసులుబాటు మన ధర్మంలో ఉన్నదే. అది నొప్పికి ఇచ్చిన వెసులుబాటు. పిండం జారుతుందన్న భయంతో సజ్దాను వదులుకోనవసరం లేదు. రమజాన్ నెలలో చికిత్స జరుగుతుంటే, మందుల వేళల గురించి వైద్యురాలిని, ఉపవాసం గురించి ముఫ్తీని ముందే సంప్రదించాలి. వ్యాధిగ్రస్తులకు తర్వాత పూర్తి చేసుకునే అవకాశం ఉన్నది.

ఎక్కడ ఉంచారన్నదే కాదు, ఎవరిది ఉంచారన్నది కూడా

తెర చూపలేని మరో విషయం మన కుటుంబాలకు అన్నిటికంటే ముఖ్యం. అది నసబ్, అంటే వంశ సంబంధం. ఇస్లామిక్ సహకార సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1986 అక్టోబరులో అమ్మాన్‌లో సమావేశమై, కృత్రిమ గర్భధారణలో ఏడు పద్ధతులను పరిశీలించింది. మూడో వ్యక్తి అండమో, శుక్రకణమో, గర్భాశయమో కలిసే ఐదు పద్ధతులను నిషిద్ధమని తేల్చింది. భర్త శుక్రకణం, భార్య అండం, అదే భార్య గర్భాశయం అన్న హద్దులో ఉండే రెండు పద్ధతులను, అవసరం ఉన్నప్పుడు, అన్ని జాగ్రత్తలతో అనుమతించింది. 1990లో అదే అకాడమీ, పిండాలు మిగిలిపోకుండా ఆ విడతకు అవసరమైనన్ని అండాలనే ఫలదీకరించాలని, ఫలదీకరించిన అండాన్ని మరో స్త్రీలో ఉంచరాదని నిర్ణయించింది.

మన దేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం దాతల అండాలను, శుక్రకణాలను షరతులతో అనుమతిస్తుంది. అంటే చట్టం అనుమతించేదంతా షరీఅత్ అనుమతించేది కాదు. కనుక సంతకం పెట్టే ముందు సమ్మతి పత్రాన్ని భార్యాభర్తలిద్దరూ పూర్తిగా చదవాలి, లేదా తెలుగులో చదివించుకోవాలి. "మా ఇద్దరివి మాత్రమే" అన్న మాట అందులో స్పష్టంగా ఉండాలి. పిండాలు మిగిలితే ఏం చేయాలన్న కాలమ్‌ను ఖాళీగా వదలకూడదు. చట్టం ప్రకారం పిండాలను గరిష్ఠంగా పదేళ్లు భద్రపరచవచ్చు. కానీ నికాహ్ బంధం నిలిచి ఉన్నంతవరకే వాటిని వినియోగించుకోవచ్చన్నది ఉలమాల అభిప్రాయం.

పిండాన్ని గొట్టంలోకి తీసుకునే ముందు దంపతుల పేర్లను బిగ్గరగా చదివి, రోగి చేతి పట్టీతోనూ పాత్ర మీది చీటీతోనూ సరిచూడటం మంచి ఆసుపత్రుల పద్ధతి. ఆ సమయంలో పేర్లు మీరూ వినండి, మీ నోటితో చెప్పండి. సిగ్గుపడవలసిన పని కాదిది.

హయా, పరదా విషయంలో సందేహాలు

"ఇంతమంది ఎదుట ఎలా?" అన్న సంకోచం సహజమైనదే. అల్ట్రాసౌండ్ వాడినప్పుడు గదిలో మరొక మనిషి అదనంగా ఉంటారు. 1993లో బ్రూనైలో జరిగిన సమావేశంలో ఫిఖ్హ్ అకాడమీ ఈ విషయంలో ఒక వరుస చెప్పింది. నిపుణురాలైన ముస్లిం వైద్యురాలు దొరికితే ఆమె, లేకుంటే నమ్మకస్తురాలైన ఇతర వైద్యురాలు, వారూ లేకుంటే ముస్లిం వైద్యుడు, ఆయనా లేకుంటే ఇతర వైద్యుడు. చూపు అవసరమైన మేరకే ఉండాలి. భర్త, మహ్రమ్ లేదా నమ్మకమైన స్త్రీ తోడుగా ఉండాలి. మన నగరాలలో ఈ రంగంలో వైద్యురాళ్లు చాలామంది ఉన్నారు. పరికరం పట్టుకొనేవారు కూడా స్త్రీయే అయ్యేలా, నడుము కింది భాగం గుడ్డతో కప్పి ఉంచేలా ముందుగానే కోరవచ్చు.

వెళ్లే ముందు అడగవలసినవి

1. పిండాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే ఉంచుతారా? దానికి వేరుగా రుసుము ఉందా?
2. గర్భాశయ దారి ఎలా ఉందో ముందే ఒకసారి ఖాళీ గొట్టంతో పరీక్షించి చూస్తారా?
3. ఎన్ని పిండాలు ఉంచుతారు? కవలల వల్ల తల్లికి, బిడ్డలకు కలిగే ప్రమాదం ఎంత?
4. పేర్లను ఎవరు, ఎలా సరిచూస్తారు?
5. ఎవరెవరు గదిలో ఉంటారు? భర్తను అనుమతిస్తారా?
6. జరిగినదంతా రాసిన కాగితం మాకు ఇస్తారా?

"మగబిడ్డే కావాలి" అన్న కోరికను మాత్రం అడగవద్దు. గర్భధారణకు ముందైనా తర్వాతైనా లింగ ఎంపిక 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా ప్రసాదించేది అల్లాహ్‌యే అని విశ్వసించే మనకు అది తగదు కూడా.

ఇంట్లోవారికి ఒక మాట

సంతానం లేకపోతే ముందుగా వేలు చూపేది కోడలి వైపే. భర్తలో లోపం ఉన్న జంటలూ, ఇద్దరిలోనూ కారణం ఉన్న జంటలూ ఎందరో ఉన్నారు. అందుకే పరీక్షలు ఇద్దరికీ జరగాలి. హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ జకరియ్యా (అలైహిముస్సలాం) వంటి మహనీయ ప్రవక్తలు సైతం వృద్ధాప్యం దాకా సంతానం కోసం ఎదురుచూసినవారే. సంతానలేమి దైవాగ్రహానికి గుర్తు అయితే ఆ ప్రవక్తల జీవితాలు మరోలా ఉండేవి. వైద్యం చేయించుకోవడం దైవప్రవక్త (సఅసం) ప్రోత్సహించిన మార్గం. ఫలితం అల్లాహ్ చేతిలో ఉన్నది. ఈ రెండింటినీ నమ్మే ఇంట్లో, ఫలితం రానప్పుడు నిందించడానికి మనిషిని వెతకకూడదు.

చివరగా, మాకు లేఖ రాసిన ఆ సోదరికి. అమ్మా, ఆనాడు మీరు మూత్రశాలకు వెళ్లడం తప్పు కాదు. అసర్ నమాజు తప్పు కాదు. మీ ఫైలు తీసుకొని ఒకసారి మీ వైద్యురాలి వద్దకు వెళ్లండి. ఆనాటి వివరాలు అడగండి. మరో ప్రయత్నం చేయాలా వద్దా అన్నది మీరూ మీవారూ కలిసి, ఆరోగ్యాన్నీ ఆర్థిక స్థితినీ చూసుకొని నిర్ణయించుకోండి. ఈ పుటలను మీ ఇంట్లోవారి చేత కూడా చదివించండి. ఏ సజ్దాను గూర్చి మిమ్మల్ని నిందించారో, ఆ సజ్దాలోనే మనసు విప్పి అడగండి. అల్లాహ్ మీ కళ్లకు చల్లదనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.